వేషం వేసిన కృష్ణబిలాలు

చీకటి తారల చరిత్ర – 9వ భాగం

2020 అక్టోబరు 6న స్టాక్‌హోంలో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు. సగం రోజర్ పెన్‌రోజ్‌కు, మిగతా సగం రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్‌లకు. పెన్‌రోజ్‌కు ఎందుకిస్తున్నారో చెప్పిన వాక్యంలో కృష్ణబిలం అన్న మాట ఉంది. గెంజెల్, గెజ్‌ల గురించిన వాక్యంలో ఆ మాట లేదు. మన పాలపుంత నడిబొడ్డున, మహాభారమై చిన్న చోట ఇమిడిపోయిన ఒక వస్తువును కనుగొన్నందుకు అని రాసి కమిటీ అక్కడితో ఆగింది. కృష్ణబిలం అని తేల్చి చెప్పడానికి కలం ముందుకు వెళ్లలేదు.

ఆ తూకం సరైనదే. గెంజెల్, గెజ్ బృందాలు చేసిన పని ఏమిటో చూస్తే సంగతి తెలుస్తుంది. ఎస్2 అనే తార ఆ కనిపించని వస్తువు చుట్టూ పదహారేళ్లకు ఒక ప్రదక్షిణ చేస్తుంది. 2018లో అది బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా రెంటి మధ్య సుమారు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరం ఉంది. అప్పుడు దాని వేగం సెకనుకు 7,600 కిలోమీటర్లకు పైనే. ఆ వేగాన్ని బట్టి లోపల ఉన్న భారం సూర్యుడికి దాదాపు 40 లక్షల రెట్లని తేలింది. అంత భారానికి కృష్ణబిలం లెక్క ప్రకారం ఉండవలసిన వ్యాసార్థం 1.2 కోట్ల కిలోమీటర్లే. అంటే తార అంచు దాకా వెళ్లి చూసి రాలేదు; అంచుకు 1,500 రెట్ల దూరం నుంచే వెనక్కి తిరిగింది. మధ్యలో ఉన్నది చిన్నది, బరువైనది, చీకటిది. ఈ మూడూ రుజువయ్యాయి. నాలుగోది కావలసి ఉంది.

ఆ నాలుగోదే ఈవెంట్ హొరైజన్. ఈ ధారావాహికలో దాన్ని దిగంతం అంటున్నాం. లోపలికి పోయింది, కాంతితో సహా, తిరిగి రాని హద్దు అది. అక్కడ నేల లేదు, గోడ లేదు, చేత్తో తాకేది ఏదీ లేదు. కనుక కృష్ణబిలాన్ని నిరూపించడమంటే ఒక లేమిని నిరూపించడం: ఇక్కడ ఉపరితలం లేదు అని చూపడం. ఉన్నదాన్ని చూపడం తేలిక, లేనిదాన్ని లేదని చూపడం కష్టం. ఉపరితలం ఉంటే ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో ముందు ఎవరో ఒకరు లెక్కగట్టి పెట్టాలి. అప్పుడే అది లేదని చెప్పగలం. కృష్ణబిలంలా కనిపిస్తూ కృష్ణబిలం కాని వస్తువుల నమూనాలు అందుకే పుట్టాయి. ఈ భాగం వాటి చరిత్ర. ఈ చరిత్రలో మన దక్షిణాది చెయ్యి ఎంత ఉందో మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనపడదు.

లెక్కను మన నేల మీదికి తెచ్చుకుందాం. సూర్యుడికి తొమ్మిది రెట్లు భారమున్న, తన చుట్టూ తాను తిరగని కృష్ణబిలం ఒకటి ఉందనుకోండి. దాని దిగంతం ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 53 కిలోమీటర్లు. పటం మీద మార్కాపురం నుంచి గిద్దలూరుకు స్కేలు పెట్టి గీత గీస్తే దాదాపు అంతే వస్తుంది. నడుమ కంభం. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నింపిన ఆ పాత చెరువు దగ్గర కేంద్రం పెట్టుకుంటే మార్కాపురం ఒక అంచున, గిద్దలూరు ఇంకో అంచున పడతాయి. తొమ్మిది సూర్యుళ్ల సరుకు ఆ రెండు ఊళ్ల మధ్యన.

ఆ కేంద్రం నుంచి మూడు వలయాలు గీయాలి. మొదటిది దిగంతం, 26.5 కిలోమీటర్ల దగ్గర. మూడోది 40 కిలోమీటర్ల దగ్గర. ఉత్తరాన అది దోర్నాల దాటి నల్లమల లోపలికి పోతుంది. దాని పేరు కాంతి వలయం. అక్కడ కాంతి కిరణం నేరుగా పోలేక వస్తువు చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, అదీ నిలకడగా కాదు. రవ్వంత లోపలికి వంగితే లోపల పడుతుంది, రవ్వంత బయటికి జరిగితే తప్పించుకుంటుంది. ఈ కాంతి వలయాన్ని బాగా గుర్తు పెట్టుకోండి, ముందు ముందు గొడవంతా దానితోనే.

రెండో వలయం 30 కిలోమీటర్ల దగ్గర. అది హాన్స్ బుక్‌డాల్ 1959లో నిరూపించిన హద్దు. నక్షత్రం సాధారణ ద్రవ్యంతో తయారైతే, లోపలి నుంచి బయటికి వచ్చేకొద్దీ సాంద్రత పెరగకుండా ఉంటే, ఒత్తిడి అన్ని దిక్కులకూ సమంగా ఉంటే, దాని వ్యాసార్థం దిగంతం వ్యాసార్థానికి ఎనిమిదింట తొమ్మిది వంతుల కన్నా తగ్గలేదు. తగ్గితే నడిమధ్య ఒత్తిడి అనంతం కావలసి వస్తుంది. సాంద్రత అంతటా ఒకటే ఉన్న నక్షత్రానికి ఇదే హద్దని 1916లోనే కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ చూశాడు. బుక్‌డాల్ దాన్ని ఏ నక్షత్రానికైనా వర్తించేలా చేశాడు. మామూలు ద్రవ్యంతో కట్టిన ఏ తారా మన లెక్కలో 30 కిలోమీటర్ల కన్నా కిందికి కుంగి నిలవలేదు. ఆ 30కీ 26.5కీ మధ్య ఉన్న మూడున్నర కిలోమీటర్ల సందులో ఇల్లు కట్టుకోవాలని చూసినవాళ్ల కథే ఇక్కడి నుంచి.

అంతకు ముందు తరం సందు దాకా రావడానికే ఒప్పుకోలేదు. మార్కాపురం తాలూకా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1930లో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు ముగించుకున్న చంద్రశేఖర్ ఇంగ్లండుకు ఓడలో పోతూ వేసిన లెక్క, మరీ బరువైన తార నిలవలేక కూలుతుందన్నది, గత భాగాల్లో చూశాం. 1935లో ఎడింగ్టన్ దాన్ని నిండు సభలో కొట్టిపారేయడమూ చూశాం. 1939లో ఐన్‌స్టైన్ కూడా అదే పక్షాన ఒక వ్యాసం రాశాడు. గురుత్వాకర్షణతో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రేణువుల గుంపును ఊహించి, ఆ గుంపును కుదిస్తూ పోతే ఒక దశలో రేణువులు కాంతి వేగంతో పరుగెత్తవలసి వస్తుందనీ, కనుక అంతకన్నా కుదించడం ప్రకృతిలో జరగదనీ తేల్చాడు. ఆయన లెక్కలో తప్పు లేదు. ఆ దశ వచ్చేది కాంతి వలయం దగ్గరే. అయితే తిరుగుతూ నిలబడే గుంపుకు మాత్రమే వర్తించే ఫలితం అది. నిలబడకుండా కూలిపోయే తార మాటేమిటని ఆయన అడగలేదు. ఆ ప్రశ్నను అంతకు ఏడాది ముందే, 1938లో, కలకత్తాలో బి. దత్ ఒక జర్మన్ పత్రికలో వేసిన వ్యాసంలో తడిమాడు. 1939లో ఒపెన్‌హైమర్, స్నైడర్ దాన్ని పూర్తిగా పరిష్కరించారు: ఒత్తిడి లేని ధూళి గోళం కూలితే దిగంతం ఏర్పడి తీరుతుంది. 1965లో పెన్‌రోజ్ సిద్ధాంతం వచ్చాక కూలడానికి గుండ్రటి ఆకారం కూడా అక్కరలేదని తెలిసింది.

మొదటి ప్రత్యర్థి ఆ కాలంలోనే పుట్టింది. 1968లో డేవిడ్ కాప్, 1969లో రూఫిని, బొనాజోలా వేరువేరుగా ఒక వింత తారను లెక్కగట్టారు. ఎలక్ట్రాన్లు, న్యూట్రాన్లు ఒకే స్థితిలో రెండు ఉండవు. అందుకే అవి కుదింపును ఎదిరిస్తాయి. బోసాన్లనే రేణువులకు ఆ పట్టింపు లేదు, ఎన్నైనా ఒకే స్థితిలో చేరతాయి. సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీద వెలసిన జాతి అది. అటువంటి రేణువులు కోటానుకోట్లు చేరి తమ గురుత్వాకర్షణతో తామే కట్టుబడి ఉంటే అది బోసాన్ తార. దానికి ఉపరితలం లేదు. కాంతికి అడ్డు కాదు. దాని మీద వాయువు పడితే లోపలి నుంచి ఆవలికి పోగలదు. దిగంతం లేదు, అయినా చిన్నది, బరువైనది, చీకటిది. 2000లో టోరెస్, కపోజియెల్లో, లాంబియాసె పాలపుంత కేంద్రంలో ఉన్నది ఇదే ఎందుకు కాకూడదని అడిగారు. ప్రకృతిలో అందుకు తగినంత తేలికైన బోసాన్ ఉందని ఇంతవరకు తెలియదు. ఆ లోటు చిన్నది కాదు. అయినా నా దృష్టిలో ప్రత్యర్థులందరిలో నిజాయితీగలది ఇదే. ఎలా పుడుతుందో, రెండు ఢీకొంటే ఏమవుతుందో సమీకరణాలు ఆరంభం నుంచి చివరి దాకా చెబుతాయి. మిగతా చాలావాటికి ఆ భాగ్యం లేదు.

గ్రావాస్టార్ సంగతే చూడండి. 2001లో దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయంలోని పావెల్ మజూర్, లాస్ అలమోస్‌లోని ఎమిల్ మొటోలా దీన్ని ప్రతిపాదించారు. వాళ్లను కదిలించింది అంతకు పాతికేళ్ల నాటి హాకింగ్ పీడ. 1974లో హాకింగ్ కృష్ణబిలాలు మెల్లగా వేడిని వెదజల్లి ఆవిరవుతాయన్నాడు. అయితే లోపల పడిన వస్తువుల సమాచారం ఏమైనట్టు? పూర్తిగా చెరిగిపోతే క్వాంటం సిద్ధాంతం మూలసూత్రానికే గండి. దిగంతమే లేకపోతే ఈ పీడ ఉండదు కదా అని మజూర్, మొటోలా ఆలోచించారు. వాళ్ల నమూనాలో తార కూలుతూ కూలుతూ దిగంతం ఏర్పడే ముందు క్షణంలో లోపలి ద్రవ్యం దశ మార్చుకుంటుంది. లోపల మిగిలేది ఒక రకం శూన్యం. దాని ఒత్తిడి రుణాత్మకం, అది బయటికి నెడుతుంది. చుట్టూ సన్నటి, మహా గట్టి పెంకు. పెంకు బయట అంతా అచ్చం కృష్ణబిలం చుట్టూ ఉన్నట్టే. బుక్‌డాల్ పెట్టిన షరతులు దీనికి వర్తించవు, కనుక ఆ మూడున్నర కిలోమీటర్ల సందులో ఎక్కడైనా ఇది ఉండవచ్చు, దిగంతానికి వెంట్రుకవాసి ఎడంలో కూడా. ద్రవ్యం ఆ దశ ఎలా మార్చుకుంటుందో మాత్రం ఎవరూ ఒప్పించేలా చూపలేదు.

ఆ దశాబ్దమంతా ఇటువంటి పుట్టుకలే. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో పరిశోధన చేసి అమెరికా వెళ్లిన సమీర్ మాథుర్, ఒలెగ్ లునిన్‌తో కలిసి స్ట్రింగ్ సిద్ధాంతం నుంచి ఫజ్‌బాల్ తెచ్చాడు. దిగంతం ఉండవలసిన చోట తంతువుల చిక్కుముడి ఉంటుందన్నది ఆ వాదం. భాభా అణు పరిశోధన కేంద్రంలోని అభాస్ మిత్ర కూలే తార దిగంతానికి ఎన్నటికీ చేరదని, ఎప్పటికీ కూలుతూనే వెలుగుతూ ఉంటుందని వాదించాడు. సాపేక్షతా పండితుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు. 2007లో డమూర్, సొలొదుఖిన్ మరో లోకానికి తెరుచుకునే వర్మ్‌హోల్ కూడా కృష్ణబిలంలాగే కనిపించగలదని లెక్క చూపారు.

పగటివేషగాళ్లకు రాత్రి నాటకాల వాళ్లకున్న వెసులుబాటు లేదు. దీపాల నీడలు, తెరలు, దూరంగా కూర్చున్న జనం ఏమీ సాయం రావు. పట్టపగలు మీ అరుగు ముందు నిలబడి, మీరు అడిగినదానికి బదులు చెప్పి, అయినా అమ్మవారనో ఫకీరనో నమ్మించాలి. పైన చెప్పిన వస్తువులన్నీ దూరం నుంచి చూస్తే నెగ్గే వేషాలే. ఎస్2 వంటి తార చూసే దూరంలో ఏ ఒక్కటీ దొరకదు. దగ్గరికి వెళ్లి అడగవలసిన ప్రశ్నలు ఏమిటన్నదే అసలు పని.

మొదటి ప్రశ్నను రమేశ్ నారాయణ్ అడిగాడు. మద్రాసులో చదివి హార్వర్డ్‌లో స్థిరపడ్డ ఆయన 1990ల నడుమ ఒక సంగతి పట్టుకున్నాడు. వాయువు తార మీదికి పడేటప్పుడు కొన్ని పరిస్థితుల్లో తన వేడిని దారిలో వెలిగించి వదిలెయ్యలేదు, వెంట మోసుకునే పోతుంది. కింద నేల ఉంటే ఆ వేడంతా నేలకు తగిలి బయటపడాలి. నేల లేకుండా దిగంతం ఉంటే వేడి లోపలికి పోయి మాయమవుతుంది. 1997లో గార్సియా, మెక్‌క్లింటాక్‌లతో కలిసి ఆయన జంట తారల ఎక్స్-రే వెలుగును పోల్చాడు. జంటలో, గట్టి నేల ఉన్న న్యూట్రాన్ తార ఉన్నచోట, వాయువు పల్చగా పడే రోజుల్లో కూడా వెలుగు మిగులుతోంది. జంటలో కృష్ణబిలం అనుకునేది ఉన్నచోట వెలుగు అంతకన్నా ఎంతో తక్కువ. 2006లో ఏవరీ బ్రాడెరిక్‌తో కలిసి అదే ప్రశ్నను పాలపుంత కేంద్రానికి వేశాడు. అక్కడ నేల ఉండి, పడ్డ వాయువుతో వేడెక్కి వెలుగుతూ ఉంటే పరారుణ కాంతిలో కనబడాలి. కనబడలేదు. 2017లో వెన్‌బిన్ లూ, పవన్ కుమార్‌లతో కలిసి ఇంకో అడుగు వేశాడు: పెద్ద గెలాక్సీల మధ్యనున్న మహాభారాలకు గట్టి నేల ఉంటే, వాటి మీద నక్షత్రాలు పడి పగిలినప్పుడల్లా నెలల తరబడి వెలుగు రావాలి. ఆకాశాన్ని ఏళ్ల తరబడి గాలించిన పాన్-స్టార్స్ దూరదర్శినికి అటువంటి వెలుగులు తగల్లేదు.

ఇంతటితో తీర్పు వచ్చినట్టేనా? రాలేదన్నారు అబ్రామోవిచ్, క్లూజ్నియాక్, లసోటా. 2002లోనే వాళ్లు వెలుగు తక్కువన్నది దిగంతానికి రుజువు కాదని గట్టిగా రాశారు. దిగంతానికి బాగా దగ్గరగా ఉన్న నేల నుంచి బయలుదేరిన కాంతి బయటపడేసరికి దాదాపు శక్తి అంతా పోగొట్టుకుంటుంది. పైగా చాలా కిరణాలు వంగి మళ్లీ అదే నేల మీద పడతాయి. వేషం అంత దగ్గరగా అతుక్కుని ఉంటే వెలుగు పరీక్ష దాన్ని పట్టలేదు. ఈ మాటలో న్యాయముంది.

రెండో ప్రశ్న నీడది. 2019 ఏప్రిల్ 10న ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం ఎం87 గెలాక్సీ నడిబొడ్డు బొమ్మను విడుదల చేసినప్పుడు లోకమంతా కృష్ణబిలాన్ని కళ్లారా చూశామనుకుంది. 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడికి 650 కోట్ల రెట్ల భారం చుట్టూ నారింజరంగు వలయం, నడుమ నలుపు. ఆ నలుపే నీడ. అయితే ఆ బొమ్మ రావడానికి కొన్ని నెలల ముందే మన దేశంలో చేసిన ఒక లెక్క పత్రికకెక్కి ఉంది. రజీబుల్ షేక్, ప్రశాంత్ కోచర్లకోట, రమేశ్ నారాయణ్, పంకజ్ జోషి కలిసి రాసింది. కోచర్లకోట అన్న ఇంటిపేరు తెలుగు చెవికి కొత్త కాదు. ముంబయి టాటా సంస్థలో పరిశోధన చేసిన ఆయన తరవాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ఆ టెలిస్కోప్ బృందంలోనే పనిచేశాడు. వాళ్లు నలుగురూ తీసుకున్న ప్రత్యర్థి నగ్న సింగ్యులారిటీ: తార కూలి నడిమధ్య సాంద్రత అనంతమైనా, దాన్ని కప్పే దిగంతం ఏర్పడని స్థితి. పంకజ్ జోషి దశాబ్దాలుగా వాదించిన వస్తువు అది. దాని ద్రవ్యం ఒక హద్దు వరకు పరుచుకుని ఉంటుంది, ఆ హద్దు బయట అంతా కృష్ణబిలం చుట్టూ ఉన్నట్టే.

ఫలితం రెండుగా చీలింది. ఆ హద్దు కాంతి వలయానికి లోపల ఉంటే నీడ పడుతుంది, కృష్ణబిలానికి పడినట్టే. బయట ఉంటే నీడే ఉండదు. నిండు పున్నమి బింబంలా అంతా వెలుగుతుంది. అంటే నీడను వేసేది దిగంతం కాదు, కాంతి వలయం. మన పటంలో చెప్పాలంటే దోర్నాల ఆవలి గీత దగ్గర జరిగేదాన్ని చూసి మార్కాపురం గీత ఉందని చెప్పలేం. నీడ కనబడినంత మాత్రాన కృష్ణబిలమని అనలేమని వాళ్లు తేల్చి రాశారు. పున్నమి బింబం కనబడి ఉంటే మాత్రం కృష్ణబిలం కాదని గట్టిగా చెప్పగలిగేవాళ్లం. ఎం87 దగ్గర బింబం కనబడలేదు, నీడే కనబడింది. దాంతో ఒక రకం వేషాలన్నీ ఒక్క దెబ్బకు పోయాయి, ఇంకో రకం మిగిలాయి. 2021లో కోచర్లకోట ముందుండి నడిపిన మరో పనిలో, ఆ నీడ కొలతకు పొసగని విద్యుదావేశమున్న కృష్ణబిలాలనూ, సాపేక్షతకు ఆవలి సిద్ధాంతాలు ఇచ్చే మరికొన్నిటినీ ఏరివేశారు. 2022 మే 12న మన పాలపుంత కేంద్రం బొమ్మ వచ్చినప్పుడు బృందం ఒక వ్యాసం మొత్తాన్ని ఈ పరీక్షలకే కేటాయించింది.

మూడో ప్రశ్న చెవితో అడిగేది. నాకు అన్నిటిలో ఇదే ప్రియం, ఎందుకంటే దీని మొదలు మన పొరుగున బెంగళూరు మనిషిది. సి. వి. విశ్వేశ్వర 1938లో అక్కడ పుట్టి, మేరీలాండ్‌లో చార్లెస్ మిస్నర్ దగ్గర పరిశోధన చేశాడు. కృష్ణబిలం మీదికి గురుత్వ తరంగాన్ని విసిరితే ఏం తిరిగివస్తుందని కంప్యూటర్ మీద చూశాడు. తరంగం పొడవు కృష్ణబిలం కొలతకు సరిపడేలా చేయగానే ఒక మోత వినవచ్చింది. మోగి, క్షణంలో సన్నగిల్లిపోయే మోత. విసిరినది ఏదైనా మోత స్వరం ఒకటే. దాన్ని నిర్ణయించేది కృష్ణబిలం భారం. 1970లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం గురుత్వ తరంగాల శాస్త్రానికి ఒక పునాదిరాయి. ఆయన బెంగళూరుకు తిరిగి వచ్చి రామన్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న కాలంలో, 1985లో, బాల అయ్యర్, సంజీవ్ ధురంధర్‌లతో కలిసి ఇంకో ప్రశ్న వేశాడు. కాంతి వలయం కన్నా చిన్నదై, అయినా కృష్ణబిలం కాని తార ఉండగలదా? అటువంటి అతి సాంద్ర వస్తువులకు వాళ్లు పెట్టిన హద్దు, మన లెక్కలో 40 కిలోమీటర్ల వలయం లోపల ఇమిడిపోవడమే, ఈనాటికీ వాడుకలో ఉంది. అప్పట్లో ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1991లో ఎనభయ్యో పడిలో ఉన్న చంద్రశేఖర్, రోమ్‌లోని వలేరియా ఫెరారీతో కలిసి అదే చోటికి వచ్చాడు. తార కాంతి వలయం కన్నా చిన్నదైతే, వలయానికీ తారకూ నడుమ తరంగాలు చిక్కుబడతాయి. బయటికి రాబోతే వలయం దగ్గర వెనక్కి మళ్లుతాయి, లోపలికి పోబోతే తార దగ్గర తిరగబడతాయి. అందువల్ల అటువంటి తార మోత తొందరగా చావదు. యౌవనంలో తార కూలితే ఏమవుతుందని అడిగి అవమానపడ్డ మనిషి, అరవై ఏళ్ల తరవాత కూలని తార ఎలా మోగుతుందో లెక్క వేసి వెళ్లాడు. 2000లో ఫెరారీ, కొక్కోటాస్ అదే లెక్కను కాలక్రమంలో నడిపి చూస్తే మోత వెనకే విరామం ఇచ్చి ఇచ్చి ప్రతిధ్వనులు వినబడ్డాయి.

2015 సెప్టెంబరు 14న లైగో వేధశాల పట్టిన మొదటి గురుత్వ తరంగంలో విశ్వేశ్వర మోత ఉంది. సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు భారమున్న రెండు వస్తువులు కలిసి 62 రెట్ల ఒక్కటిగా అయ్యాయి. మిగిలిన మూడు సూర్యుళ్ల భారం తరంగాలై పోయింది. ఆ మోత కృష్ణబిలానికి రుజువని అందరూ అన్నారు. ఏడాది తిరగక ముందే కార్దోసొ, ఫ్రాంజిన్, పాని ఆ మాటకు అడ్డం పడ్డారు. మోత పుట్టేది కూడా కాంతి వలయం దగ్గరే. లోపల దిగంతం ఉన్నా, దిగంతానికి ఇంచుమించు అంటుకుని ఒక నేల ఉన్నా మొదటి మోత ఒకటే. తేడా తరవాత వస్తుంది: నేల ఉంటే లోపలికి పోయిన తరంగం తిరిగి వచ్చి ప్రతిధ్వనిస్తుంది, దిగంతం ఉంటే నిశ్శబ్దం.

ఈ లెక్కలో నన్ను ఆశ్చర్యపరిచేది ఆ విరామం. నేల దిగంతానికి ఎంత దగ్గరైతే ప్రతిధ్వని అంత ఆలస్యమవుతుంది, కానీ మెల్లగా, లాగరిథం చొప్పున. దిగంతానికీ నేలకూ ఎడం ప్లాంక్ పొడవంతే అనుకోండి. మీటర్లలో రాయాలంటే దశాంశ బిందువు తరవాత 34 సున్నాలు పెట్టి ఆపైన 16 రాయాలి. అంతకన్నా సన్నని ఎడం గురించి మాట్లాడటానికి భౌతికశాస్త్రం దగ్గర మాటలు లేవు. అంత ఎడం ఉన్నా, 62 సూర్యుళ్ల ఆ వస్తువు ప్రతిధ్వని సెకనులో మూడో వంతు కన్నా తక్కువలో వచ్చెయ్యాలి. లెక్కంతా మార్కాపురం పలక మీద ఒక పక్కనే సరిపోతుంది. ఏ సూక్ష్మదర్శినికీ అందని ఎడం, ఓపిగ్గా వినే యంత్రానికి అందే అవకాశం ఉందన్నమాట. 2016 చివర అబేది, డైకార్, అఫ్షోర్ది లైగో దత్తాంశంలో అటువంటి ప్రతిధ్వని జాడ ఉందని ప్రకటించారు. జర్మనీలో వెస్టర్‌వెక్, నీల్సన్ తదితరులు అదే దత్తాంశాన్ని మళ్లీ జల్లించి ఆ జాడ యంత్రంలో సహజంగా ఉండే రొద కన్నా గట్టిది కాదన్నారు. తరవాత లైగో బృందాలు చేసిన వెతుకులాటల్లోనూ ప్రతిధ్వని దొరకలేదు.

ఈలోగా ఇంకో వైపు నుంచి కూడా వేషాలకు ఉచ్చు బిగిసింది. తనచుట్టూ తాను తిరిగే వస్తువు నడుము దగ్గర ఉబ్బుతుంది. కృష్ణబిలం ఉబ్బు ఎంతో సాపేక్షత కచ్చితంగా చెబుతుంది; దాన్ని ఒకటి అనుకుంటే న్యూట్రాన్ తారలకు 2 నుంచి 14, బోసాన్ తారలకు 10 నుంచి 150 దాకా పోతుంది. రెండు వస్తువులు ఢీకొనే ముందు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే తీరులో ఈ ఉబ్బు జాడ ఉంటుంది. దాన్ని కొలిచే పద్ధతిని 2017లో కృష్ణేందు, అరుణ్, చంద్రకాంత్ మిశ్ర ప్రచురించారు. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నడిచిన పని అది. అదే ఏడాది కూన్యా, బెర్తి, హెర్దీరో అందరికీ మింగుడుపడని ఒక సిద్ధాంతం నిరూపించారు. దిగంతం లేకుండా కాంతి వలయం ఉన్న వస్తువుకు వలయాలు జంటగానే వస్తాయి, రెండోది నిలకడైనది. నిలకడైన వలయంలో కాంతి పోగుపడుతూ పోతుంది, పోగుపడ్డ శక్తి ఆ వస్తువునే కూలదోయవచ్చు. ఆ తరవాత అదే దారిలో బోసాన్ తారలను కంప్యూటర్‌లో నడిపి చూస్తే కొన్ని కుంగి కృష్ణబిలాలయ్యాయి, కొన్ని విచ్చుకుని వేషమే కోల్పోయాయి. వేగంగా తిరిగే గట్టి వస్తువులకైతే మరో అస్థిరత ఉందని ఫ్రీడ్‌మన్ 1978లోనే చెప్పి ఉన్నాడు.

అయినా ప్రత్యర్థులు పూర్తిగా ఓడలేదు. 2019 మే 21న పట్టుబడ్డ ఒక తరంగాన్ని లైగో 85, 66 సూర్యుళ్ల కృష్ణబిలాల కలయిక అంది. 2021లో కాల్దెరాన్ బస్తీయో బృందం అదే సంకేతం రెండు బోసాన్ జాతి తారల ఢీకి కూడా అంతే బాగా పొసగుతుందని చూపించింది. సంకేతం మరీ చిన్నది, మోత తప్ప ముందు భాగం దాదాపు లేదు. అందుకే రెండు కథలూ నిలిచాయి.

2025 జనవరి 14న వచ్చిన తరంగం అంతకు ముందు వాటన్నిటికన్నా స్పష్టమైనది. రెండు వస్తువుల ఉపరితల వైశాల్యం కలిపి సుమారు 2,40,000 చదరపు కిలోమీటర్లు, కలిశాక 4,00,000. వైశాల్యం తగ్గదని హాకింగ్ 1971లో చెప్పిన సూత్రం నిలిచింది. మోతలో రెండు స్వరాలు విడిగా వినబడ్డాయి, రెండూ తిరిగే కృష్ణబిలానికి ఉండవలసినవే. కాంతి వలయం వరకు సాపేక్షత చెప్పినట్టే ఉందని దీనితో ఖాయమైంది. మన పటంలో 40 కిలోమీటర్ల గీతకు ఇక ఢోకా లేదు. 30 కిలోమీటర్ల గీత దాకా కూడా పెద్ద నమ్మకం వచ్చింది. 26.5 దగ్గర, ఆ చివరి వెంట్రుకవాసిలో, ఇంకా జాగా ఉంది.

ఆ జాగాను జల్లించాలంటే మోత తరవాతి నిశ్శబ్దాన్ని ఇప్పటికన్నా నిశితంగా వినాలి. అందుకు తోడయ్యే యంత్రాల్లో ఒకటి మనకు దూరం కాదు. మహారాష్ట్ర హింగోలి జిల్లాలో, నాలుగేసి కిలోమీటర్ల రెండు చేతులతో లైగో-ఇండియా కట్టడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ నేలను ఎందుకు ఎంచుకున్నారో, అంత పొడవు గొట్టంలో శూన్యాన్ని ఎలా నిలుపుతారో వచ్చే భాగంలో.